బెంగుళూరు – సాన్ ఫ్రాన్సిస్కో: దూరమెంత? కాలమెంత?

బాలబాలికలారా! మన పాఠశాలలో చదువుకొనువారి యిండ్లలో అన్నయో, అక్కయో, మేనమామయో కాలిఫోర్నియాలో పని చేయుచుండుట నేడు వింత కాదు. కోలారు, హోసూరు, బళ్లారి సీమలలోని మన తెలుగువారు పెక్కురు చదువుకొఱకు బెంగుళూరు చేరి, అచ్చటనుండి పసిఫిక్ మహాసముద్రపు ఆవలి యొడ్డునకు పోవుచున్నారు. అట్లు పోవువారి టిక్కెట్టు ఇంటిలోని పెద్దల చేతికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు పుట్టును. ఆ యూరు ఎంత దూరము? పోవుట కెంత కాలము పట్టును? మొదటిదానికి పటము చూచియు, రెండవదానికి టిక్కెట్టు చూచియు జవాబు చెప్పవచ్చునని తోచును. పటము చూచి చెప్పిన దూరము తప్పగును. టిక్కెట్టు పైపైన చూచి చెప్పిన కాలము అంతకంటె పెద్ద తప్పగును.

ఒక ఉదాహరణము చూడుడు. చలికాలమున బెంగుళూరులో మధ్యాహ్నము 2 గం. 30 ని.లకు బయలుదేరిన విమానము సాన్ ఫ్రాన్సిస్కోలో అదే దినము సాయంకాలము 5 గంటలకు దిగునని టిక్కెట్టుమీద ఉన్నదనుకొనుడు. చూచిన తాతగారు "రెండున్నర గంటలే కదా! తిరుపతి బస్సుకంటె ముందుగా పోవుచున్నాడు" అని సంతోషించును. ఆ మనుమడే తిరిగి వచ్చునప్పుడు శనివారము రాత్రి 8 గం. 30 ని.లకు బయలుదేరి, సోమవారము తెల్లవాఱుజామున 3 గం. 45 ని.లకు దిగునని యుండును. అప్పుడు తల్లి "రెండు రాత్రులును ఒక పగలును బిడ్డ ఆకాశమునందే యుండునా?" అని దిగులుపడును. ఆ సంతోషమునకును ఆధారము లేదు, ఈ దిగులునకును ఆధారము లేదు. పోవుటకు 16 గంటలు, వచ్చుటకు 17 గంటల 45 నిమిషములు. ఈ లెక్క ఎట్లు వచ్చెనో తెలిసికొనవలెనన్నచో దూరము, గాలి, గడియారము అను మూటిని విడివిడిగా చూడవలెను.

పటము చేయు మోసము

తరగతి గోడమీది ప్రపంచ పటము ముందు నిలుచుండుడు. బెంగుళూరు కుడివైపునను, సాన్ ఫ్రాన్సిస్కో ఎడమ అంచునకు చేరువగాను కనబడును. రెండింటి నడుమ బద్ద పెట్టి గీత గీసితిరేని, అది అరేబియా సముద్రమును దాటి, ఆఫ్రికా ఉత్తరభాగము మీదుగా పోయి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, అమెరికాను అడ్డముగా కోసికొని పోవును. ఇదియే దగ్గఱ దారి యని నమ్మినవారు పెక్కురు. కాని భూమి గుండ్రనిది, పటము చదునైనది. గుండ్రని కాయ తొక్కను ఒలిచి బల్లమీద పఱచిన యెడల ఎక్కడనో ఒకచోట చినుగక తప్పదు, లేదా సాగక తప్పదు. మన గోడ పటములలో పెక్కింటికి మూలము 1569లో మెర్కేటర్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు చేసిన పటము. అది ఓడ నడుపువారికి దిక్కు తప్పకుండ చూపుటకు చేసినది. ఆ పనికి అది మిక్కిలి మంచిది. అయితే ధ్రువములకు చేరువైన భూములను విపరీతముగా సాగదీయును. ఆ పటమున గ్రీన్లాండు ఆఫ్రికా యంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికంటె పదునాలుగు రెట్లు పెద్దది.

కనుక గోళమును తెచ్చుకొనుడు. గోళము లేనిచో ఒక పంపరపనస కాయ చాలును. తొడిమను ఉత్తర ధ్రువ మనుకొని, కాయ నడుమ చుట్టును భూమధ్యరేఖ గీయుడు. ఆ రేఖకు కొంచెము పైగా ఒక గుండుసూది గ్రుచ్చుడు, అది బెంగుళూరు. కాయను ఇంచుమించు అవతలి ప్రక్కకు త్రిప్పి, రేఖకును తొడిమకును నడుమ సగమునకు కొంచెము క్రిందుగా మఱియొక సూది గ్రుచ్చుడు. అది సాన్ ఫ్రాన్సిస్కో. ఇప్పుడొక దారమును రెండు సూదులకు నడుమ బిగించి లాగుడు. దారము కాయ నడుము చుట్టును పోదు. జారి జారి తొడిమ చేరువకు పోయి నిలుచును. ఆ దారము చూపునదియే అన్నిటికంటె తక్కువ దూరము. అది భూమిని సరిగా రెండు సగములుగా కోయు వృత్తములో ఒక భాగము గనుక దానిని మహావృత్త మార్గ మందురు.

ఈ విషయమున నమ్మకము కుదురుటకు నోటి లెక్క యొకటి కలదు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్, అలాస్కాలోని ఆంకరేజ్ అను నగరములు రెండును 60 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు చేరువగా నున్నవి. రేఖాంశములలో వాని నడుమ భేదము ఇంచుమించు సరిగా 180 డిగ్రీలు. అనగా భూమికి ఒకటి ఈవల, ఒకటి ఆవల. అక్షాంశ రేఖ వెంబడి తూర్పునకు పోయినచో దూరము సుమారు 10,000 కిలోమీటర్లు. ధ్రువము మీదుగా పోయినచో మొదటి నగరమునుండి ధ్రువమునకు 30 డిగ్రీలు, ధ్రువమునుండి రెండవ నగరమునకు 29 డిగ్రీలు, వెరసి 59 డిగ్రీలు. భూమిమీద ఒక డిగ్రీకి సుమారు 111.2 కిలోమీటర్లు గనుక దూరము 6,560 కిలోమీటర్లు మాత్రమే. పటముమీద పైకి పోయి వంగి వచ్చినట్లు కనబడు దారి నిజమునకు మూడవ వంతు తక్కువ!

పై తరగతులవారు త్రికోణమితి చదివియుందురు గనుక మన రెండు నగరముల దూరమును తామే కట్టవచ్చును. బెంగుళూరు విమానాశ్రయము 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, 77.7 డిగ్రీల తూర్పు రేఖాంశమునను ఉన్నది. సాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయము 37.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, 122.4 డిగ్రీల పశ్చిమ రేఖాంశమునను ఉన్నది. ఒకటి తూర్పు, ఒకటి పడమర గనుక రేఖాంశములను కూడగా 200.1 వచ్చును. అది సగము చుట్టును మించినది గనుక 360 నుండి తీసివేయుడు, 159.9 మిగులును. రెండు అక్షాంశముల సైనులను గుణించి వ్రాసికొనుడు: 0.139. రెండు అక్షాంశముల కొసైనులను గుణించి, ఆ ఫలమును 159.9 డిగ్రీల కొసైనుతో మఱల గుణింపుడు: ఋణము 0.724. రెండును కూడగా ఋణము 0.585. ఏ కోణమునకు ఇది కొసైను? 125.8 డిగ్రీలకు. దానిని 111.2 చేత గుణించిన 13,989 కిలోమీటర్లు వచ్చును. 2021లో ఈ రెండు నగరముల నడుమ ఆగకుండ విమానము నడపినప్పుడు ఎయిర్ ఇండియా ప్రకటించిన దూరము 13,993 కిలోమీటర్లు. మన నోటుపుస్తకపు లెక్కకును దానికిని తేడా నాలుగే కిలోమీటర్లు!

ఆ దారము ఏ యే ఊళ్లమీదుగా పోవునో చూచినచో మన పిల్లలకు ఆశ్చర్యము కలుగును. బెంగుళూరునుండి అమెరికాకు దగ్గఱ దారి పడమరగా పోదు; ఉత్తరమునకు కొంచెము తూర్పుగా తిరిగి నంద్యాల చేరువగా, నల్లగొండ చేరువగా పోవును! పిదప నేపాళమున అన్నపూర్ణ శిఖరము ప్రక్కగా హిమాలయములను దాటి, టిబెట్టు, మంగోలియా పడమటి భాగము, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ తీరమును తాకి, 71 డిగ్రీల అక్షాంశము దాక ఎక్కి, అలాస్కా మీదుగా దిగివచ్చును.

దారము పోయినట్లు విమానము పోదు

అట్లయిన విమానములు నల్లగొండ, అన్నపూర్ణల మీదుగనే పోవునా? పోవు. దారమునకు లేని చిక్కులు విమానమునకు కలవు.

మొదటిది టిబెట్టు పీఠభూమి. విమానము 10, 11 కిలోమీటర్ల ఎత్తున పోవునప్పుడు లోపలి గాలిని యంత్రములతో ఒత్తిడి పెట్టి ఉంచుదురు. ఆ ఒత్తిడి ఏ కారణముచేతనైన పడిపోయినచో, ప్రయాణికులు తేలికగా ఊపిరి పీల్చుకొనుటకు విమానమును వెంటనే 3 కిలోమీటర్ల ఎత్తునకు దింపవలెను. టిబెట్టులో నేలయే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున నున్నది. దిగుట కచ్చట చోటు లేదు! అందుచేత దూర విమానములు సాధారణముగా ఆ పీఠభూమిని చుట్టి పోవును.

రెండవది, దిగుటకు ఊరుండవలెను. రెండు ఇంజన్ల విమానము దారిలో ఎక్కడనున్నను, ఒక ఇంజను ఆగినచో రెండవదానితో నిర్ణీత కాలములో చేరదగిన విమానాశ్రయ మొకటి ఉండితీరవలెనని నియమము. ఇది కాగితపు నియమము కాదు. 2023 జూన్ 6న ఢిల్లీనుండి సాన్ ఫ్రాన్సిస్కోకు పోవు విమానమొకటి ఇంజను చిక్కువలన రష్యా తూర్పు కొసనున్న మగదాన్ అను పట్టణమున దిగవలసి వచ్చెను. ప్రయాణికులును సిబ్బందియు కలిసి 232 మంది అచ్చట నిలిచిపోయి, తమకొఱకు వచ్చిన వేఱొక విమానమెక్కి గమ్యము చేరిరి. ఆ మారుమూల ఊర ఒక రన్‌వే ఉండబట్టి గదా వారు క్షేమముగా దిగిరి!

మూడవది, ఆకాశమునకును హద్దులు కలవు. ప్రతి దేశమునకును తన భూమిపైనున్న ఆకాశముమీద పూర్తి అధికారము కలదని 1944లో చికాగోలో జరిగిన ఒడంబడిక చెప్పుచున్నది. 2022లో ఉక్రెయిను యుద్ధము మొదలైన పిమ్మట రష్యా అనేక దేశముల విమానములకు తన ఆకాశమును మూసివేసెను. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాను భారత విమానములకు మూసివేయగా, ఢిల్లీనుండి ఐరోపాకును అమెరికాకును పోవు విమానములు చుట్టుదారి పట్టవలసి వచ్చెను. ఊళ్లు కదలలేదు, భూమి పెరుగలేదు. దూరము మాత్రము పెరిగెను. కనుక "ఎంత దూరము?" అని అడిగినప్పుడు దారము దూరమా, విమానము పోయిన దూరమా అని తిరిగి అడుగుట తెలివిగల ప్రశ్నయే.

2021 జనవరి 9న సాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి బెంగుళూరుకు ఆగకుండ వచ్చిన మొదటి విమానమును గూర్చి ఇచ్చట చెప్పవలెను. దానిని నడపినవారందఱును స్త్రీలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. వారు ఉత్తర ధ్రువము మీదుగా వచ్చిరి. సరిగా ధ్రువబిందువు మీదుగా వచ్చినచో దూరమెంతయో మీరు నోటితో చెప్పవచ్చును: 90 నుండి రెండు అక్షాంశములను వేఱువేఱుగా తీసివేయగా 76.8, 52.4, కూడిన 129.2 డిగ్రీలు, అనగా సుమారు 14,370 కిలోమీటర్లు. దగ్గఱ దారికంటె 380 కిలోమీటర్లే యెక్కువ. కాని విమానము గీతమీద నడువదు గనుక వారి ప్రయాణము సుమారు 16,000 కిలోమీటర్లని చెప్పిరి. ధ్రువమార్గమున మఱికొన్ని జాగ్రత్తలు వలయును. బయటి చలికి ఇంధనము గడ్డకట్టకుండ దాని వేడిని కనిపెట్టుచుండవలెను. అయస్కాంతపు దిక్సూచి అచ్చట నమ్మదగినది కాదు.

ఇంత దూరము ఎక్కడను ఆగకుండ పోవుట మొన్నమొన్నటి సంగతి. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి టపా సంచులతో చిన్న విమానము తెచ్చెను. దానిని బొంబాయినుండి మద్రాసునకు నెవిల్ విన్సెంట్ అనునతడు గొనిపోయెను. దారిలో ఎక్కడ దిగెనో తెలియునా? మన బళ్లారిలో! అంతకంటె దూరము ఒక్క పరుగున పోవుట ఆ దినములలో సులభము కాదు. 1948 జూన్ 8న బొంబాయినుండి లండనుకు మొదటిసారి పోయిన ఎయిర్ ఇండియా విమానము కైరోలోను జెనీవాలోను దిగి పదవ తేదీకి లండను చేరెను. 2021లో ధ్రువము దాటి వచ్చిన బోయింగ్ 777 విమానపు తొట్లలో సుమారు 1,81,000 లీటర్ల ఇంధనము పట్టును. దాని బరువు 145 టన్నులు. ఎగురునప్పుడు ఆ విమానము మోయగల మొత్తము బరువు 347 టన్నులు. అనగా అయిదు పాళ్లలో రెండు పాళ్లకు పైగా ఇంధనమే. అందులో కొంత ఇంధనము మిగిలిన ఇంధనమును మోయుటకే ఖర్చగును. దూరపు సంతకు పోవు బండివాడు ఎద్దులకు కావలసిన మేతనంతయు బండిమీదనే వేసికొని పోవునట్లే!

గాలి లెక్క

విమానము గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోవును. 14,000ను 900 చేత భాగించిన 15 గం. 33 ని. వచ్చును. ఇది గాలి ఏ మాత్రము వీచనప్పటి మాట. అంత ఎత్తున గాలి వీచని దినము లేదు.

మీ అంకగణితములో పడవ లెక్కలు చేసియున్నారు గదా. ఏటివాలున పోవు పడవకు ప్రవాహవేగమును కూడవలెను. ఎదురు పోవు పడవకు తీసివేయవలెను. ఆకాశమునందును అంతే. గంటకు 100 కిలోమీటర్ల గాలి వెనుకనుండి వీచినచో నేలమీది లెక్కకు విమానవేగము 1,000. 14,000 కిలోమీటర్లకు 14 గంటలు. అదే గాలి ఎదురైనచో వేగము 800. 17 గంటల 30 నిమిషములు. ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపుడు. వెనుకగాలి మనకు మిగిల్చినది 1 గం. 33 ని. ఎదురుగాలి తీసికొన్నది 1 గం. 57 ని. గాలి రెండు వైపులను సమానమే గదా, పోవునప్పుడు పోయినది వచ్చునప్పుడు వచ్చునని యనుకొందుము. రాదు! రాకపోకలు రెండును కలిపి చూచినచో గాలివలన ఇంచుమించు 24 నిమిషములు నష్టమే. కారణమేమనగా, ఎదురుగాలిలో ఉండు కాలమే యెక్కువ.

ఆ గాలి సామాన్యమైనది కాదు. భూమికి 9 మొదలు 12 కిలోమీటర్ల ఎత్తున, ఉత్తరార్ధగోళమున పడమటనుండి తూర్పునకు ఇరుకైన నదులవలె గాలులు పాఱుచుండును. వానిని జెట్ ప్రవాహము లందురు. చలికాలమున వాని వేగము గంటకు 200 కిలోమీటర్లను మించుట సామాన్యము. జపానులో ఓయిషి వాసబురో అను శాస్త్రజ్ఞుడు బెలూనులను ఎగురవైచి, వానిని దూరదర్శినితో వెంబడించి, 1920 ప్రాంతపు సంవత్సరములలో ఈ గాలులను కొలిచెను. ప్రపంచమంతయు చదువవలెనని తన నివేదికను 1926లో ఎస్పెరాంటో అను కల్పిత భాషలో ప్రకటించెను. అందఱికిని అర్థము కావలెనని ఎన్నుకొన్న ఆ భాషను చదువువారే అరుదైరి! 1944లో జపానుమీదికి వచ్చిన అమెరికా బాంబరు విమానములు ఆ గాలి ధాటికి గుఱి తప్పిన పిదపగాని లోకము దానిని గుర్తింపలేదు. భాషను గూర్చి తగవులాడుకొనువారు ఈ కథను ఏ వైపుననైన వాడుకొనవచ్చును. మనము లెక్కలోనికి పోదము.

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీనుండి సాన్ ఫ్రాన్సిస్కోకు ఆగని విమానమును మొదలుపెట్టినప్పుడు అది పడమటగా, అట్లాంటిక్ మీదుగా పోవుచుండెను. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. పోయినంత దూరమును ఎదురుగాలి. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపిరి. ఈ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అనగా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను విమానము పదునాలుగున్నర గంటలలోనే చేరెను. పాత దారికంటె కాలము తగ్గెను. 15,300ను 14.5 చేత భాగించి చూడుడు. గంటకు 1,055 కిలోమీటర్లు! విమానమునకు కొత్త ఇంజను పెట్టలేదు. గాలి మోసికొని పోయినది. దూరము ఎక్కువైన కాలమును ఎక్కువ కావలెనను నియమము నేలమీద చెల్లునేమో గాని ఆకాశమున చెల్లదు.

తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: భూమియే తిరుగుచున్నది గదా, విమానము పైకి లేచి ఊరకే నిలుచున్నచో ఊరు తానే క్రిందికి రాదా? రాదు. భూమితోపాటు గాలియు తిరుగుచున్నది; గాలిలోని విమానమును తిరుగుచున్నది. రైలులో ఎగిరి దుమికినవాడు దుమికిన చోటనే పడును గాని వెనుక పెట్టెలో పడడు.

టైము పట్టికలోని కాలము విమానము గాలిలో నున్న కాలము మాత్రమే కాదని కూడ తెలియవలెను. విమానము నిలిచిన చోటు కదలినది మొదలు, దిగినయూర తన చోట నిలుచు వఱకు లెక్క. రన్‌వే దాక పోవుటకును, వరుసలో వేచియుండుటకును పట్టు నిమిషములు అందులోనివే.

గడియారపు లెక్క

ఇప్పుడు మొదటి చిక్కునకు వత్తము. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. గంటకు 15 డిగ్రీలు. భారతదేశపు గడియారము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడుచును. ఆ రేఖ మన కాకినాడకు చేరువగా పోవును. 82.5ను 15 చేత భాగించిన అయిదున్నర. గ్రీనిచ్ కంటె మనము అయిదున్నర గంటలు ముందున్నాము. కాలిఫోర్నియా గడియారము 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశమును బట్టి నడుచును. గ్రీనిచ్ కంటె ఎనిమిది గంటలు వెనుక. రెండింటికి నడుమ పదుమూడున్నర గంటలు. మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారము వఱకు వారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు. అప్పుడు భేదము పండ్రెండున్నర గంటలు. మన దేశమున అట్టి జరుపుడు లేదు గనుక మనవారికి ఇది మఱపునకు వచ్చును.

లెక్క చేయు సులభోపాయ మొకటి చెప్పెదను. బయలుదేరిన గడియను, దిగిన గడియను రెండింటిని మన యింటి గడియారములోనికి మార్చుకొనుడు. ఆ పిదప తీసివేత మాత్రమే. 2021 జనవరినాటి ఆ విమానపు టైమునే చూడుడు. సాన్ ఫ్రాన్సిస్కోలో 9వ తేదీ శనివారము రాత్రి 8 గం. 30 ని. దానికి 13 గం. 30 ని. కూడగా మనకు 10వ తేదీ ఆదివారము పగలు 10 గంటలు. దిగవలసినది 11వ తేదీ సోమవారము తెల్లవాఱుజామున 3 గం. 45 ని. ఆదివారము పగలు పదింటినుండి అప్పటికి 17 గం. 45 ని. అంతే! తల్లి భయపడిన రెండు రాత్రులలో మొదటి రాత్రి వారి శనివారపు రాత్రి. ఆ గడియకు మన యింట ఆదివారపు పొద్దు బాగుగా ఎక్కియున్నది. పోవునప్పుడు దీనికి విపర్యయము. మధ్యాహ్నము 2 గం. 30 ని.లకు బయలుదేరినవాడు వారి సాయంకాలము 5 గంటలకు దిగెను. వారి 5 గంటలు మనకు మఱునాటి ఉదయము 6 గం. 30 ని. తీసివేసిన 16 గంటలు.

తూర్పుగా పోయినవాడు పసిఫిక్ నడుమ అంతర్జాతీయ దినరేఖను దాటును. అచ్చట తేదీ ఒకటి వెనుకకు పోవును. అందుచేతనే దిగిన తేదీ ఎక్కిన తేదీయే యైనది.

నడుమ దుబాయిలోనో ఢిల్లీలోనో దిగి విమానము మాఱువారికిని లెక్క ఇదియే. మొదట ఎక్కిన గడియను, చివర దిగిన గడియను పట్టుకొన్న చాలును. నడుమ గడియారములు చూచితిరా, తల తిరుగును.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన చిక్కు వేఱొకటి కలదు. అది విమానములోనిది కాదు, మన పంచాంగములోనిది. మనకు వారము సూర్యోదయముతో మొదలగును. సోమవారము సూర్యుడు ఉదయించు వఱకు పెద్దలకు ఆదివారపు రాత్రియే. టిక్కెట్టునకు దినము అర్ధరాత్రితో మొదలగును. "సోమవారము రాత్రి మూడు ముప్పావుకు దిగుదును" అని కుమారుడు ఫోనులో చెప్పినచో, ఊరిలో నున్న తండ్రి సోమవారము సాయంకాలము అన్నము తిని, కారు మాట్లాడుకొని, రాత్రంతయు ప్రయాణము చేసి, మంగళవారము తెల్లవాఱుజామున విమానాశ్రయము చేరును. కుమారుడు దిగి అప్పటికి ఒక దినము గడచియుండును! తప్పు ఎవరిది? ఇద్దఱి మాటయు సరియైనదే. రెండు లెక్కలు వేఱు. పోవు ప్రయాణమునను ఇదే ప్రమాదము. టిక్కెట్టుమీద 10వ తేదీ 0 గం. 30 ని. అని యున్నచో 9వ తేదీ రాత్రి భోజనము కాగానే విమానాశ్రయమున ఉండవలెను. 10వ తేదీ రాత్రి పోయినవానికి విమానము దొరకదు, డబ్బును తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు. మన పెండ్లి శుభలేఖలలో తెల్లవాఱుజాము ముహూర్తమును "ఆదివారము రాత్రి, తెల్లవారితే సోమవారము" అని వ్రాయుట మీరు చూచియుందురు. విమాన కంపెనీల టిక్కెట్టుకంటె ఆ శుభలేఖ భాషయే స్పష్టముగా నున్నదని నా యభిప్రాయము. ఇంటికి కబురు చెప్పునప్పుడు అట్లే చెప్పుడు.

బిడ్డలను చూడబోవు వృద్ధులు మధుమేహమునకో రక్తపుపోటునకో వేళ ప్రకారము మందు పుచ్చుకొనువారైనచో, దిగినయూరి గడియారము చూచి పుచ్చుకొనరాదు. ఎన్ని గంటల కొకసారి అను లెక్కను బయలుదేరుటకు ముందే వైద్యునితో మాట్లాడి వ్రాయించుకొనవలెను. ఆ కాగితమును మనుమలే వ్రాసి పెట్టవచ్చును; పైని చెప్పిన కూడికలు, తీసివేతలు వారికి వచ్చును గదా.

ఇక మీరు చేయవలసిన లెక్క. చెన్నపట్టణపు విమానాశ్రయము 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను 80.2 డిగ్రీల తూర్పు రేఖాంశమునను, లండను విమానాశ్రయము 51.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను 0.5 డిగ్రీల పశ్చిమ రేఖాంశమునను ఉన్నవి. మహావృత్త దూరమును కట్టుడు. 8,200 కిలోమీటర్లకు కొంచెము పైగా రావలెను. చలికాలమున చెన్నపట్టణమున ఉదయము 5 గం. 30 ని.లకు బయలుదేరిన విమానము లండనులో అదే దినము 11 గంటలకు దిగినచో, ప్రయాణకాలమెంత? విమానము పోయిన దారి 8,800 కిలోమీటర్లనుకొని, నిలిచిన చోటనుండి రన్‌వేకు పోవుట మొదలగువానికి అరగంట తీసివేసి, గాలిలో సగటు వేగమెంతయో తేల్చుడు. అది 900కు తక్కువగా వచ్చినచో గాలి ఏ వైపునుండి వీచుచుండెనో వ్రాయుడు. వేసవిలో లండను గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు. అంతే కాలము పట్టినచో దిగు గడియ ఏమగును?